లెక్కలో బతికి, ప్లేటులో చచ్చిపోయే మూలకణాలు

గడ్డకట్టించి దాచిన మూలకణాలను కరిగించగానే లెక్కిస్తే 90 శాతం బతికే ఉన్నాయనీ, మర్నాటికి దాదాపు అన్నీ ప్లేటుకు అంటుకోకుండా చచ్చి తేలిపోతున్నాయనీ, ఎందుకిలా అని ఒకరు అడిగారు. మానవ ఐపీఎస్ కణాలతో (మామూలు కణాలను వెనక్కి మార్చి తయారు చేసిన మూలకణాలతో) మొదటి ఏడాదంతా నాదీ ఇదే గోడు.

ముందు ఆ 90ని నమ్మడం మానండి. లెక్కించేటప్పుడు కలిపే ట్రైపాన్ బ్లూ అనే రంగు, పొర దెబ్బతిన్న కణాల్లోకే చొరబడుతుంది. అపోప్టోసిస్, అంటే కణం తనను తానే చంపుకునే ప్రక్రియ, మొదలైన కణానికి పొర ఇంకా గట్టిగానే ఉంటుంది కాబట్టి బతికున్నట్టే కనిపిస్తుంది. 24 గంటల తర్వాత ప్లేటును పట్టుకుని ఉన్నవెన్నో చూడండి, లెక్క అంటే అది.

నా తప్పు కరిగించడంలోనే ఉండేది. వయల్‌లోని (కణాలను దాచే చిన్న గొట్టంలోని) కణాల మీద 10 మిల్లీలీటర్ల మీడియం, అంటే కణాలను పెంచే పోషక ద్రవం, ఒక్కసారిగా కుమ్మరించేదాన్ని. 10 శాతం డీఎంఎస్‌ఓతో (గడ్డకట్టేటప్పుడు మంచు నుంచి కాపాడే ద్రవంతో) నిండిన కణం చుట్టూ గాఢత హఠాత్తుగా పడిపోతే, ఆ డీఎంఎస్‌ఓ బయటికి వచ్చేలోపే నీరు లోపలికి దూసుకెళ్లి కణం ఉబ్బిపోతుంది. పద్ధతి మార్చుకున్నాను. వయల్‌ను 37 డిగ్రీల నీటిలో ఆడిస్తూ, బియ్యపు గింజంత మంచు మిగిలి ఉండగానే తీసేస్తాను. మొదటి మిల్లీలీటరు మీడియం బొట్టు బొట్టుగా, ట్యూబును మెల్లగా తిప్పుతూ వేస్తాను. విసుగు పుట్టించే పనే, కానీ తేడా మర్నాడే కనిపించింది.

రెండోది రాక్ ఇన్‌హిబిటర్, అంటే రాక్ అనే ఎంజైమును అడ్డుకునే మందు. ఐపీఎస్ కణాలు ఒంటరివైతే వాటిలోని మయోసిన్ అనే ప్రోటీను విపరీతంగా ముడుచుకుని, పొర బుడగలు కట్టి చస్తాయి. వై-27632 అనే రాక్ ఇన్‌హిబిటర్ ఈ చావును బాగా తగ్గిస్తుందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు మానవ పిండ మూలకణాల్లో చూపించారు. 10 మైక్రోమోలార్ వేసి, మర్నాడు మీడియంతో పాటు తీసేయండి.

గడ్డకట్టించేటప్పుడు నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచాలి. వేగం పెరిగితే కణంలోనే మంచు స్ఫటికాలు ఏర్పడతాయి, మరీ తగ్గితే గాఢమైన ఉప్పునీటిలో కణం ఎండిపోతుంది. ఇలా మెల్లగా చల్లబరిచే ఐసోప్రొపనాల్ (ఒక రకం ఆల్కహాల్) డబ్బా వాడుతున్నారా? ఐదు సార్లకోసారి అందులోని ద్రవం మార్చాలి. మా దగ్గర ఎప్పుడు మార్చారో గుర్తున్నవాళ్లే లేరు! మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఒక రాత్రి చాలు, తర్వాత ద్రవ నైట్రోజన్‌కు మార్చేయండి. నెలల తరబడి మైనస్ 80లోనే వదిలేస్తే కణాలు మెల్లగా పాడవుతాయి.

ఇంతా చేసినా నిలవకపోతే, గడ్డకట్టించని కణాలనే విడదీసి, అదే మీడియంలో, అలాంటి ప్లేటులోనే వేయండి. అవీ తేలితే తప్పు ఫ్రీజర్‌ది కాదు, విడదీసే పద్ధతినో కణాలు అంటుకోవడానికి ప్లేటుకు వేసే పూతనో అనుమానించాలి.