పాత శాంట్రోలో ప్లగ్‌లు మార్చినా మిస్సింగ్ మళ్లీ ఎందుకొస్తోంది?

మీది 2006 శాంట్రో జింగ్. సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగితే మిస్సింగ్ వచ్చి (ఒక సిలిండర్ సరిగ్గా మండక) బండి వణుకుతోంది, వాన పడ్డ రోజు ఇంకా ఎక్కువ. రెండుసార్లు ప్లగ్‌లు మార్చారు. మార్చినప్పుడల్లా కొన్ని వారాలు బాగుండి మళ్లీ మొదలవుతోంది. ఇప్పుడు మెకానిక్ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మార్చాలంటున్నాడు. ఇదే కదా మీ ప్రశ్న? ఈసీఎం జోలికి ఇప్పుడే పోకండి అన్నా. పాత బండ్ల మీద పనిచేసేవాడిగా చెబుతున్నా, మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది.

ప్లగ్ మార్చగానే తగ్గి, మళ్లీ వస్తోందంటే ముందు చూడాల్సింది స్పార్క్‌కి హై వోల్టేజ్ తయారుచేసే కాయిల్ నుంచి ప్లగ్‌లకు దాన్ని తీసుకెళ్లే హెచ్‌టీ వైర్లు, వాటి చివర ఉండే రబ్బరు క్యాప్‌లు. ఏసీ పడితే ఇంజిన్ మీద లోడ్ పెరుగుతుంది, సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ ఎక్కువ వెళ్తాయి, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్ కొసన ఉండే సందు (గ్యాప్) దాటాలంటే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి. క్యాప్ రబ్బరు పాతబడి గట్టిపడి ఉంటే, ఆ వోల్టేజ్ గ్యాప్ దాటడం మానేసి ప్లగ్ పింగాణీ మీదుగా ఇంజిన్ బాడీలోకి దూకేస్తుంది. గాలిలో తేమ ఉంటే అది ఇంకా సులువు. అలా దూకిన దారిలో కార్బన్ గీత పడుతుంది.

ప్లగ్ విప్పి తెల్ల పింగాణీని వెలుతురులో తిప్పి చూడండి. పైనుంచి కిందికి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే దొంగ దొరికినట్టే. దానికి ఎదురుగా క్యాప్ లోపల కూడా అలాంటి గీతే ఉంటుంది. అసలు చిక్కంతా అక్కడే: కొత్త ప్లగ్ తెచ్చి అదే క్యాప్‌లో పెడితే, క్యాప్‌లోని గీత కొత్త పింగాణీని కూడా కాల్చేస్తుంది. తుడిస్తే పోదు, శాండ్ పేపర్ పెట్టినా లాభం లేదు. ప్లగ్‌లు, వైర్లు ఒకేసారి మారాలి. ఒక్క మాట, పింగాణీ మొదట్లో, ఇనుప భాగం పక్కన గోధుమరంగు రింగు కనిపిస్తే అది లోపం కాదు. ఆ మరక చూసి మంచి ప్లగ్‌లు పారేసేవాళ్లు చాలామంది.

కొనేముందు ఏ సిలిండర్ పనిచేయడం లేదో తేల్చుకోండి. మీ బండికి చవక బ్లూటూత్ స్కానర్ కలవకపోవచ్చు, స్కానర్‌తో లోపాలు చదివే ఓబీడీ ఏర్పాటు ఉండాలన్న నిబంధన మన దగ్గర 2010లో మొదలైంది. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆన్‌లో ఉంచి, ఇంజెక్టర్ల (సిలిండర్‌కి పెట్రోల్ చిమ్మేవి) కరెంట్ సాకెట్‌లు ఒక్కొక్కటి తీసి, చూసి, మళ్లీ పెట్టండి. మంచి సిలిండర్‌ది తీస్తే ఆర్పీఎం పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. దేన్ని తీస్తే తేడా రాదో అదే చచ్చిన సిలిండర్. చాలా షెడ్లలో ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైరే పీకేస్తారు, అది వద్దు. షాక్ కొట్టడం ఒక సంగతి, కాయిల్ దెబ్బతినడం ఇంకో సంగతి, పైగా మండని పెట్రోల్ కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది.

ఈ ఇంజిన్‌లో 1, 4 సిలిండర్లకు ఒక కాయిల్, 2, 3కి ఇంకోటి. జతలో రెండూ మిస్ కొడుతుంటే కాయిల్, లేదా దానికి వెళ్లే వైరింగ్. ఒక్కటే అయితే, బండి ఆపి, ఆ జతలోని రెండు వైర్లను కాయిల్ వైపు ఒకదాని చోట ఒకటి పెట్టండి (ఉదాహరణకి 1, 4). రెండింటికీ స్పార్క్ ఒకేసారి వస్తుంది కాబట్టి టైమింగ్ చెడదు. మిస్ అవతలి సిలిండర్‌కి మారితే తప్పు కాయిల్‌ది. మారకపోతే వైర్, ప్లగ్, లేదా ఆ సిలిండర్.

మల్టీమీటర్‌తో వైర్ల నిరోధం (ఓమ్‌లు) కొలిచేటప్పుడు నాలుగింటినీ పోల్చండి. పొడవును బట్టి కొంత తేడా సహజం. ఒకటి మాత్రం మిగతావాటికి రెండు మూడు రెట్లు చూపిస్తే, లేదా అసలు రీడింగే రాకపోతే తీసేయండి. అయితే రీడింగ్ బాగున్నంత మాత్రాన రబ్బరు బాగున్నట్టు కాదు. దానికి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుపుతూ స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగా నీళ్లు చల్లండి, చెయ్యి దూరంగా ఉంచి. నీలం మెరుపు ఎక్కడ కనిపిస్తే లీక్ అక్కడే.

స్పేర్లు హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలీలోనో రాణిగంజ్‌లోనో దొరుకుతాయి. ప్లగ్‌ల డూప్లికేట్లు బాగా తిరుగుతున్నాయి, బిల్లు అడిగి తీసుకోండి. వైర్లు నాలుగూ ఒకే సెట్‌గా కొనండి. ప్లగ్ గ్యాప్ 1.0 నుంచి 1.1 మి.మీ. ఉండాలి, ఎన్‌జీకే కంపెనీ ప్లగ్ నంబర్ చివర 11 ఉంటే 1.1 మి.మీ. అని అర్థం. ఇంజిన్ చల్లారాకే విప్పండి, హెడ్ అల్యూమినియంది, వేడి మీద మర చెడుతుంది. చేత్తో మర పూర్తిగా ఎక్కించి, వాషర్ ఉన్న కొత్త ప్లగ్‌ని అక్కడి నుంచి అర చుట్టు బిగిస్తే చాలు. క్యాప్ లోపల డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంట్ పారనివ్వనిది) పలచగా రాసి, టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి.

స్పార్క్ బాగానే ఉందని తేలితే తర్వాత గాలి లీక్ చూడండి. ఐడ్లింగ్‌లో మాత్రమే వణికి, 2000 ఆర్పీఎం దగ్గర సాఫీ అయితే పీసీవీ హోస్ (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపే గొట్టం), బ్రేక్ బూస్టర్ హోస్, ఇన్‌టేక్ గాస్కెట్‌లను అనుమానించాలి. ఇంజెక్టర్ అయితే 12 నుంచి 16 ఓమ్‌లు చూపించాలి. అనుమానం ఉన్నదాన్ని పక్క సిలిండర్‌కి మార్చి చూడండి. ఆ సాకెట్‌లో టెస్ట్ లైట్ మినుకుమనకపోయి, ఈసీఎం దాకా వైరు తెగకుండా ఉంటేనే మీ మెకానిక్ మాట ఆలోచించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ మిశ్రమాన్ని కొంచెం పలచన చేస్తుంది, మురికి పట్టిన ఇంజెక్టర్ బలహీనత దాంతో బయటపడుతుంది. మీ పొల్యూషన్ స్లిప్ కూడా తీసి చూడండి. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) తక్కువగా ఉండి హెచ్‌సీ (మండని ఇంధనం) మాత్రం 750 పీపీఎం పరిమితి దగ్గరో, పైనో ఉంటే ఒక సిలిండర్‌లో పెట్రోల్ మండకుండానే బయటికి పోతోందన్నమాట.

ఎల్‌పీజీ కిట్ ఉన్న బండి అయితే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే పరీక్ష) వాయిదా వెయ్యొద్దు. గ్యాస్ మీద ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగి టాపెట్ క్లియరెన్స్ (వాల్వు మీద ఉండాల్సిన సన్నటి ఖాళీ) తగ్గిపోతుంది, వాల్వు పూర్తిగా మూసుకోదు. నాలుగు ప్లగ్‌లూ తీసి, కాయిల్, ఇంజెక్టర్ సాకెట్‌లు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఐదారు చుట్లు క్రాంక్ చేయించండి. ఒక సిలిండర్ మిగతావాటికంటే 15 శాతం పైన తక్కువుంటే, ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. రీడింగ్ పెరిగితే రింగులు. పెరగకపోతే ముందు టాపెట్ సెట్ చేయించండి, దానికీ లొంగకపోతే హెడ్ దించక తప్పదు.