నాయకుడి ఇంటి పైకప్పు చూస్తే ఏమి తెలుస్తుంది?

"మా ఎమ్మెల్యే ప్రతి సభలో సోలార్ పెట్టుకోమంటారు. ఆయన మేడ మీద మాత్రం ఒక్క ప్యానెల్ కూడా కనబడదు. నాయకులు ప్రత్యామ్నాయ ఇంధనం గురించి చెప్పేది తమ ఇళ్లలో పాటిస్తారా?" అని మీరు అడిగారు.

కొందరు పాటిస్తారు. అలాంటి కొన్ని ఇళ్లకు ప్యానెళ్లు బిగించినవాణ్ని నేనే. తెలంగాణలో ఇళ్ల మీద సోలార్ పెట్టడం చాలా ఏళ్లుగా నా వృత్తి. వైద్యులు, వ్యాపారులు, విశ్రాంత ఉపాధ్యాయులతో పాటు వేర్వేరు పార్టీల నాయకుల మేడలూ ఎక్కి దిగాను. అన్నీ చూశాక నా అభిప్రాయం ఇది: ఇంటి మీద ప్యానెళ్లు ఉన్నంత మాత్రాన చిత్తశుద్ధి ఉన్నట్టు కాదు, లేనంత మాత్రాన లేనట్టూ కాదు. మీ ఎమ్మెల్యే ఇంటికి దక్షిణాన అయిదంతస్తుల అపార్టుమెంటు ఉంటే నీడ పడుతుంది, వద్దని నేనే చెప్పి వచ్చేస్తాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఇక్కడ ఇంటి కరెంటు వాడకం నెలకు 800 యూనిట్లు దాటితే ఆపైన ప్రతి యూనిట్‌కూ 10 రూపాయలు. నాయకుడి ఇల్లంటే కింద వచ్చేపోయేవాళ్లు కూర్చునే హాలు, పైన కుటుంబం, గదికో ఏసీ, వెనక ఎప్పుడూ వెలిగే పొయ్యి. వేసవిలో ఆ ఇంటికి 800 దాటడానికి సగం నెల చాలు. మన ఎండకు ఒక కిలోవాట్ సోలార్ సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తుంది. పది కిలోవాట్లు పెడితే రోజుకు నలభై, అవన్నీ ముందుగా ఖరీదైన శ్లాబులోంచే తగ్గుతాయి. పెట్టిన డబ్బు నాలుగైదేళ్లలో తిరిగి వస్తుంది. ఇందులో త్యాగమేమీ లేదు, మంచి పెట్టుబడి ఉంది.

ఇప్పుడు సభలో నేల మీద కూర్చున్నవారి లెక్క చూడండి. 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే పేద ఇళ్లకు సున్నా బిల్లు వస్తోంది. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తుంది, నిజమే. కానీ బిల్లే రాని ఇల్లు మిగతా డబ్బు చేతి నుంచి ఎందుకు పెట్టాలి? సోలార్ ఉపన్యాసం ఎక్కువగా లాభించేది వేదిక మీద కుర్చీల్లో ఉన్నవారికే. వాళ్లు దాన్ని కిందికి చూస్తూ చెబుతుంటారు.

ఒక నాయకుడి ఇంట్లో (పేరు వద్దు, పార్టీ కూడా వద్దు) పని వాస్తు దగ్గర ఆగింది. ప్యానెళ్లు దక్షిణానికి వాలాలి కాబట్టి ఉత్తరపు అంచు పైకి లేస్తుంది. ఈశాన్యం ఎత్తు కావడానికి వారి సిద్ధాంతి గారు ఒప్పుకోలేదు. చివరికి మొత్తం నైరుతి వైపు జరిపి, నీళ్ల ట్యాంకు నీడ పడే చోటు వదిలేసి, అనుకున్నదానికంటే తక్కువ ప్యానెళ్లతో సరిపెట్టాం. మీటరు బిగించి కనెక్షన్ ఇచ్చిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆయనే ఫోను చేశారు.

"ఇంజనీరు గారూ, బయట ఎండ మండిపోతోంది. ఇంట్లో ఫ్యాను తిరగదేం?"

"లైన్లో కరెంటు పోయింది సార్. అది పోతే మన సోలార్ ఇన్వర్టర్ కూడా దానంతట అదే ఆగిపోతుంది. ఆగకపోతే మీ మేడ మీది కరెంటు తీగల్లోకి పోయి, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు తగులుతుంది."

"మరి బ్యాటరీ ఉంటే?"

"ఖర్చు ఎక్కువని మీరే వద్దన్నారు కదా సార్."

కాసేపు మౌనం. తరువాత "సరే, జనరేటర్ వేయమంటాను" అన్నారు. ఆ మధ్యాహ్నం సోలార్ ప్యానెళ్ల కింద డీజిల్ జనరేటర్ మోగింది. దీన్ని కపటం అనలేను. గ్రిడ్‌కు, అంటే వీధి లైనుకు, కలిపిన సోలార్ ఎలా పనిచేస్తుందో ఆయనకు ఆ రోజే తెలిసింది, అంతే. చాలామంది పరిస్థితి ఇదే.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది నెట్ మీటర్. మనం వాడుకోగా మిగిలి లైన్లోకి వెళ్లే కరెంటును లెక్కగట్టే మీటరు అది. అది రాకుండా సిస్టమ్ ఆన్ చేయకూడదు. ఆ నాయకుడి దరఖాస్తు పెట్టిన మర్నాడే కరెంటు సెక్షన్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఆ వారంలోనే మీటరు బిగించారు. అదే వీధి చివర ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ఇంటి మీద మాఘమాసంలో 3 కిలోవాట్లు పెట్టాం. మీటర్ల స్టాకు లేదని కొన్నాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు చూడాలని ఇంకొన్నాళ్లు తిప్పారు. 2024లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు ఆ సాంకేతిక పరిశీలనే అక్కర్లేదు. ఆ నిబంధన కాగితం నేను చేత్తో పట్టుకునే వెళ్లాను. అయినా వేసవి అంతా ఆమె ప్యానెళ్లు ఊరికే ఎండకు కాగాయి. మీటరు వచ్చేసరికి వానలు పడ్డాయి.

నాయకుడు వేదికెక్కి "చాలా సులువు, మీరూ పెట్టుకోండి" అన్నప్పుడు ఆయన అబద్ధమాడటం లేదు. ఆయనకు నిజంగానే సులువు. చెప్పింది స్వయంగా పాటించినా మన ఇబ్బంది ఆయనకు అనుభవంలోకి రాదు. సొంత ఇంటి ఉదాహరణకు ఉన్న పెద్ద పరిమితి ఇదే అని నా నమ్మకం.

మన దగ్గరే కాదు, అమెరికాలోనూ ఇల్లు ఒక కథ, పాలన మరో కథ. మాజీ అధ్యక్షుడు జార్జి డబ్ల్యూ. బుష్‌ను చమురు మనిషి అంటారు. 2001లో వాతావరణ మార్పుపై కుదిరిన క్యోటో ఒప్పందం నుంచి దేశాన్ని తప్పించింది ఆయనే. టెక్సాస్‌లో క్రాఫర్డ్ దగ్గర ఆయన కట్టుకున్న ఇల్లు మాత్రం భూగర్భంలోని స్థిరమైన ఉష్ణోగ్రతను వాడుకుని చల్లబడుతుంది, వెచ్చబడుతుంది. వాననీటిని పట్టి దాచుకునే తొట్టి కూడా నేలలో ఉంది. మరోవైపు వాతావరణ మార్పుపై ఊరూరా ప్రసంగించిన మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ నాష్‌విల్ ఇల్లు సగటు ఇంటికి ఇరవై రెట్ల కరెంటు వాడుతోందని 2007లో ఒక సంస్థ బిల్లులు బయటపెట్టింది. హరిత విద్యుత్తుకు అదనపు ధర కట్టి కొంటున్నామని ఆయన వైపు వారు చెప్పారు. తరువాత ప్యానెళ్లూ పెట్టించారు. ఇళ్లు మాత్రమే చూసి మార్కులు వేస్తే బుష్ గెలుస్తారు! చిత్రమేమిటంటే, బుష్ ఈ రంగానికి చేసిన అసలు మేలు ఇంట్లో లేదు. టెక్సాస్ గవర్నరుగా 1999లో ఆయన సంతకం చేసిన విద్యుత్ చట్టంలో 2009 నాటికి అదనంగా 2,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తు రావాలన్న షరతు ఉంది. పవన విద్యుత్తులో టెక్సాస్ ఇవాళ ఆ దేశంలో మొదటి స్థానంలో ఉండటానికి బీజం అక్కడ పడింది. భూగర్భం నుంచి చల్లబడే ఆ ఇంటివల్ల ఒక కుటుంబానికి చల్లదనం దక్కింది, అంతే.

అమెరికా మరో మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విషయంలో మాత్రం నాకు పక్షపాతం ఉంది, ముందే చెబుతున్నాను. 1979 జూన్‌లో వైట్ హౌస్ మీద నీళ్లు కాచే 32 సోలార్ ప్యానెళ్లు పెట్టించి, ఒక తరం గడిచాక ఇవి మ్యూజియంలో వస్తువులైనా కావచ్చు, గొప్ప సాహసంలో చిన్న భాగమైనా కావచ్చు అన్న అర్థంలో మాట్లాడారు. 1986లో తరువాతి అధ్యక్షుడు రీగన్ హయాంలో పైకప్పు మరమ్మతుకని వాటిని దించారు, మళ్లీ పెట్టలేదు. ఒకటి నిజంగానే స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. పదవి పోయి ముప్పై ఆరేళ్లయ్యాక, 2017లో, తొంభై రెండేళ్ల వయసులో ఆయన సొంత ఊరు ప్లెయిన్స్‌లో పదెకరాల పొలాన్ని సోలార్ క్షేత్రానికి కౌలుకిచ్చారు. 1.3 మెగావాట్ల ఆ క్షేత్రం ఊరి అవసరంలో సగానికి పైగా తీరుస్తుందని అప్పట్లో చెప్పారు. కౌలు వచ్చి ఉంటుంది, కాదనను. అయినా అప్పటికి అడగవలసిన ఓట్లేమీ లేవు కదా.

మన దేశంలో నితిన్ గడ్కరీ 2022 మార్చి 30న హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారులో పార్లమెంటుకు వచ్చారు. ఫొటోలు బాగా వచ్చాయి. సామాన్యుడు వెళ్లి ఆ ఇంధనం పోయించుకునే బంకు మాత్రం అప్పటికి లేదు. ఆయన ఏళ్లుగా ప్రచారం చేసిన, పెట్రోలులో కలిపే ఇథనాల్ విషయంలో 2025లో తలకిందుల చర్చ జరిగింది: కుమారుల కంపెనీలు అదే వ్యాపారంలో ఉన్నాయని విమర్శలు వచ్చాయి, ఆయన ఖండించారు. చెప్పింది చేయకపోతే వంచన అంటాం, చెప్పినదానిలోనే ఇంటివాళ్లు వ్యాపారం చేస్తే స్వార్థం అంటాం. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కానీ వాటిమీద టీవీలో ఎంత చర్చ జరిగినా మా ఉపాధ్యాయురాలి మీటరు ఒక్కరోజు కూడా ముందుకు రాలేదు.

కాబట్టి మీ ఎమ్మెల్యేను ఇంటి మీద ప్యానెళ్లు లేవేమని అడిగితే, వచ్చే నెలకల్లా పెట్టించి ఫొటో దింపించుకుంటారు. దానికి బదులు నియోజకవర్గంలో నెట్ మీటర్ కోసం 15 రోజులు దాటి ఎదురుచూస్తున్న దరఖాస్తులు ఎన్ని అని అడగండి. బహుశా ఆయనకు తెలియదు. డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) మీరే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రుసుము పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తుదారుల పేర్లు, సర్వీసు నంబర్లు అడగవద్దు, వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. సెక్షన్ వారీగా దరఖాస్తు అందిన తేదీ, మీటరు బిగించిన తేదీ, కిలోవాట్లు, ఈ మూడే అడగండి.