ముఖానికి అమరే కళ్ళజోడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావరకు కళ్ళజోడు ఫ్రేముల గురించే ఉన్నాయి. జోడు పెట్టుకున్నా ముఖం కళగా ఉండాలన్న కోరిక వాటన్నిటిలోనూ కనబడింది. అది న్యాయమైన కోరికే. అయితే ముక్కు మీద కుదురుగా నిలవని ఫ్రేము ఎంత ఖరీదైనదైనా ఎవరికీ నప్పదని నా గట్టి నమ్మకం. అందువల్ల కింది సమాధానాలలో కొలతల ప్రస్తావనే ఎక్కువగా ఉంటుంది.

ప్రశ్న: నా వయసు 34 ఏళ్ళు. రెండు కళ్ళకూ మైనస్ 7 పవరు ఉంది. ఇప్పుడు అందరూ పెట్టుకుంటున్న పెద్ద ఫ్రేము ముచ్చటపడి కొన్నాను. కాడ మీద 54, 18, 140 అని అంకెలున్నాయి. కంటిపాపల మధ్య దూరం 60 అని చీటీలో రాశారు. అద్దాలు అంచుల దగ్గర బాగా మందంగా ఉండి, అచ్చం సోడాబుడ్డి కళ్ళద్దాలలా ఉన్నాయి. కళ్ళు చిన్నవిగా కనబడుతున్నాయి. నాది కొంచెం చప్పిడి ముక్కు కావడంతో పాఠం చెబుతుంటే జోడు కిందికి జారిపోతోంది. ఎక్కువ ధర పెట్టి పలచని అద్దాలు వేయించుకోమని దుకాణంలో అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: అద్దాల కంటే ముందు మీరు మార్చవలసింది ఫ్రేమునే. మీరు రాసిన అంకెలలోనే అందుకు కారణం ఉంది. 54 అన్నది ఒక్కో అద్దం వెడల్పు, 18 అన్నది రెండు అద్దాల నడుమ ముక్కు మీద ఉండే దూరం, 140 అన్నది కాడ పొడవు. ఇవన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. మొదటి రెండు అంకెలను కూడితే వచ్చే 72, ఫ్రేములోని రెండు గళ్ళ కేంద్రాల మధ్య దూరం. మీ కంటిపాపల మధ్య దూరం 60 మాత్రమే కనుక, అద్దంలో పవరుకు కేంద్రమైన చోటును ఒక్కో వైపు 6 మిల్లీమీటర్లు ముక్కు వైపుకు జరపవలసి వస్తుంది. అప్పుడు ఆ కేంద్రం నుంచి కణత వైపు అంచుకు 33 మిల్లీమీటర్ల దూరం ఏర్పడుతుంది. మైనస్ అద్దం మధ్యలో పలచగా ఉండి అంచుకు వెళ్ళేకొద్దీ మందమవుతుంది. ఆ మందం దూరంతో పాటు సమానంగా కాక, దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మీ పవరుకు 1.5 సూచిక (అద్దం పదార్థం వెలుతురును ఎంతగా వంచుతుందో చెప్పే అంకె; అది పెరిగేకొద్దీ అద్దం పలచనవుతుంది) గల మామూలు ప్లాస్టిక్ అద్దం, మధ్యలోని మందం కాక, ఆ అంచు దగ్గర సుమారు ఏడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది.

ఇదే లెక్కను 48, 18 కొలతలున్న ఫ్రేముకు వేసి చూడండి. జరపవలసినది ఒక్కో వైపు 3 మిల్లీమీటర్లే, కేంద్రం నుంచి అంచుకు దూరం 27, అంచు మందం సుమారు 5 మిల్లీమీటర్లు. మీరు కొన్న పెద్ద ఫ్రేములోనే ఎక్కువ ధర గల 1.67 సూచిక అద్దాలు వేయించినా మందం 5.7 దగ్గర ఆగుతుంది. అంటే పెద్ద ఫ్రేములోని ఖరీదైన అద్దం కంటే చిన్న ఫ్రేములోని మామూలు అద్దమే పలచగా ఉంటుందన్నమాట. చిన్న ఫ్రేములో 1.67 వేయించుకోగలిగితే నాలుగు మిల్లీమీటర్ల లోపే సరిపోతుంది. వెలుతురు ప్రతిఫలించకుండా చేసే పూత మాత్రం తప్పనిసరిగా వేయించుకోండి. పక్క నుంచి చూసేవారికి అద్దంలో కనబడే తెల్లటి వలయాలు దానితో బాగా తగ్గుతాయి. ఆకారం గుండ్రంగానో, మూలలు ఒంపు తిరిగిన కోలగానో ఉంటే మంచిది. కాస్త మందమైన ఎసిటేట్ (ఫ్రేములకు వాడే ఒక రకం ప్లాస్టిక్) అంచు అద్దం మందాన్ని దాచగలదు. అంచు లేని ఫ్రేము మొత్తం బయటపెడుతుంది.

జారడానికి బరువు ఒక కారణం, ముక్కు దగ్గర అమరిక రెండవది. ముక్కు దూలం తక్కువ ఎత్తులో ఉన్నవారికి, ముక్కు భాగం ఫ్రేములోనే పోతపోసినట్టుండే ప్లాస్టిక్ ఫ్రేములు ఆనవు. కదపడానికి వీలైన సిలికాన్ నోస్‌ప్యాడ్లున్న ఫ్రేము తీసుకుని, ప్యాడ్లు రెండూ చర్మానికి పూర్తిగా ఆనేలా సరిచేయించుకోండి. కాడ ఒంపు చెవి పైభాగం ముగిసే చోటనే మొదలవ్వాలి. అంతకంటే వెనుక మొదలైతే జోడును పట్టి ఉంచేది ఏదీ ఉండదు. కళ్ళు చిన్నవిగా కనబడటం మైనస్ అద్దం స్వభావం. కానీ అద్దం కంటికి దూరమయ్యేకొద్దీ అది ఇంకా ఎక్కువవుతుంది కనుక, కనురెప్పల వెంట్రుకలు తగలనంత మేరకు అద్దాన్ని దగ్గరగా అమర్చమనండి. ఫ్రేము చిన్నదైతే ముఖానికి ఇరుకుగా ఉంటుందన్న సందేహం మీకు రావచ్చు. అద్దం చిన్నదిగా ఉండి, కాడలు కలిసే చివరలు మాత్రం బయటికి సాగిన ఫ్రేములు దొరుకుతాయి, అడిగి చూడండి.

ప్రశ్న: చత్వారం వచ్చిందని 47వ ఏట ప్రోగ్రెసివ్ అద్దాలు వేయించుకున్నాను. హుందాగా ఉంటుందని సన్నటి ఫ్రేము ఎంచుకున్నాను; అద్దం ఎత్తు 24 మిల్లీమీటర్లు. దూరపుచూపు బాగుంది కానీ చదవాలంటే గడ్డం పైకెత్తి తిప్పలు పడుతున్నాను. పవరు తప్పా?
— ఒక బ్యాంకు ఉద్యోగి, వరంగల్

సమాధానం: పవరు సరిగ్గానే ఉండవచ్చు. చదువుకునే భాగానికి మీ ఫ్రేములో చోటు చాలలేదన్నది నా అనుమానం. ప్రోగ్రెసివ్ అద్దంలో దూరపుచూపు పైన మొదలై, పవరు క్రమంగా మారుతూ కిందికి దిగి చదివే చూపుకు చేరుతుంది. ఆ దారికి కంటిపాప నుంచి కింది అంచు వరకు సాధారణంగా 18 మిల్లీమీటర్లు ఉంటే సౌకర్యంగా ఉంటుంది. పొట్టి దారి గల డిజైన్లు ఇంకా తక్కువలో ఇముడుతాయి కానీ వాటిలో పక్కల మసక ఎక్కువ. మీ ఫ్రేములో కంటిపాప కింద పన్నెండు, పద్నాలుగు కంటే ఎక్కువ మిగలదు. అద్దం ఎత్తు 30 మిల్లీమీటర్లకు తగ్గని ఫ్రేము చూసుకోండి. కన్నీటిబొట్టులా ఉండే ఏవియేటర్ ఆకారానికి ఆ ఎత్తు ఉన్నా ముక్కు వైపు కింది భాగం కోసుకుపోయి ఉంటుంది, చదివేటప్పుడు కళ్ళు దిగి దగ్గరయ్యేది సరిగ్గా అక్కడికే.

మరొక మాట గట్టిగా చెప్పాలి. ఫ్రేమును ముందు మీ ముఖానికి సరిచేసి, అది మీరు రోజూ పెట్టుకునే తీరులో ఉండగా, కంటిపాపల స్థానాన్ని ఒక్కో కంటికి విడివిడిగా గుర్తించిన తర్వాతే అద్దాలకు ఆర్డరు ఇవ్వాలి. ముక్కు నుంచి రెండు కంటిపాపలూ సమాన దూరంలో లేనివారు ఎందరో ఉన్నారు. ఫ్రేము తర్వాత రెండు, మూడు మిల్లీమీటర్లు జారినా మీ ఇబ్బంది మళ్ళీ మొదలవుతుంది.

ప్రశ్న: నాది గుండ్రటి ముఖం, చామనఛాయ. గుండ్రటి ముఖానికి పలకల ఫ్రేమే పెట్టుకోవాలట, నిజమేనా?
— ఒక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: కొంత నిజం. ముఖంలో లేని రేఖలను ఫ్రేము తెచ్చిస్తే తూకం కుదురుతుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. అంతకంటే నేను కనుబొమలకే ఎక్కువ విలువ ఇస్తాను. ఫ్రేము పై అంచు కనుబొమల ఒంపును అనుసరిస్తూ పోతే ముఖం ప్రశాంతంగా ఉంటుంది; వాటికి అడ్డంగా పోతే మనిషి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనబడుతుంది. ఒక్కో గడిలో కన్ను అడ్డంగా ఇంచుమించు నడుమను, నిలువుగా సగం కంటే కాస్త పైన ఉండాలి. ముక్కు పొడవనిపిస్తే దూలం కిందికున్న ముదురు రంగు ఫ్రేము దాన్ని పొట్టిగా చూపుతుంది. చామనఛాయకు తేనెరంగు, గోధుమ చారల తాబేటిచిప్ప రంగు, ముదురు నీలం చక్కగా అమరుతాయి. ఏది ఎంచుకున్నా అద్దం ముందు నిలబడి నిండుగా నవ్వి చూడండి. బుగ్గలు ఫ్రేమును పైకి ఎత్తుతుంటే అది మీది కాదు.

ప్రశ్న: లోహపు ఫ్రేము తగిలే చోట దురద వస్తోంది, చర్మం నల్లబడుతోంది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: చాలా లోహపు ఫ్రేములలో నికెల్ కలుస్తుంది. చెమటతో అది చర్మానికి చేరి కొందరికి అలర్జీ కలిగిస్తుంది. నికెల్ లేదని అడిగి తెలుసుకుని టైటానియం ఫ్రేము గానీ, ఎసిటేట్ గానీ, టీఆర్-90 అనే మరో రకం ప్లాస్టిక్ గానీ వాడండి. టీఆర్-90 తేలికే కానీ, ఎసిటేట్‌లా వేడి చేసి ఒంపులు సరిచేయడం కష్టం, కాబట్టి మొదటే బాగా అమరినదాన్ని ఎంచుకోవాలి. దురద తగ్గకపోతే చర్మవైద్యుడిని కలవండి.

ప్రశ్న: మా ఎనిమిదేళ్ళ బాబు ఎదుగుతున్నాడు కదా, ఫ్రేము ఒక సైజు పెద్దది కొంటే రెండేళ్ళు వస్తుందా?
— ఒక తల్లి, నల్లగొండ

సమాధానం: దయచేసి అలా కొనకండి. పిల్లలకు ముక్కు దూలం ఇంకా ఎదగదు. పెద్ద ఫ్రేము జారిపోతే బాబు అద్దాల పైనుంచి చూడటానికి అలవాటుపడతాడు, అప్పుడు జోడు పెట్టుకున్నా పవరు కంటికి అందదు. సోమరి కన్ను (ఒక కంటి చూపు సరిగ్గా ఎదగకపోవడం) వంటి లోపానికి అద్దాలు రాసి ఉంటే ఆ నష్టం ఇంకా పెద్దది. ఇప్పటి ముఖానికి సరిపోయే తేలికపాటి ఫ్రేము, ఆటల్లో దెబ్బ తగిలినా సులువుగా పగలని పాలీకార్బొనేట్ అద్దాలు, తల వెనుక కట్టే మెత్తటి పట్టీ తీసుకోండి. ఆరు నెలలకొకసారి దుకాణానికి తీసుకువెళ్ళి, కాడలు కణతలను నొక్కుతున్నాయేమో, కంటిపాపలు గడి నడుమనే ఉన్నాయేమో చూపించండి.