పిల్లలతో ఇంట్లోనే సలాడ్ డ్రెస్సింగ్ చేయించవచ్చా?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. బజారులో కొన్న మయోనైజ్ ఉంటే తప్ప పాప కీరా, క్యారెట్ ముక్కలు ముట్టదు. అలాంటిదేదైనా ఇంట్లోనే పిల్లలతో కలిసి చేద్దామనుకుంటున్నాను. పచ్చి గుడ్డు వాడవచ్చా? నూనె, తేనె కలిపితే ఇబ్బంది ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

డాక్టర్ సలహా: తప్పకుండా చేయించండి, కానీ పచ్చి గుడ్డు మాత్రం వద్దు. గుడ్డు పెంకు మీద, ఒక్కోసారి లోపల కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. ఇంట్లో చేసే మయోనైజ్‌లో గుడ్డును ఉడికించరు కనుక అది చావదు, అందులో పిండే కాస్త నిమ్మరసం దానిని చంపుతుందన్న భరోసా లేదు. మీ బాబు వయసు పిల్లలకు ఈ ఇన్ఫెక్షన్ సోకితే విరేచనాలు, వాంతులతో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఈ ముప్పు వల్లనే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని నిషేధించింది.

మయోనైజ్‌లోని చిక్కదనమే మీ పాపకు నచ్చుతున్నట్లయితే, దానిని పెరుగుతోనే తీసుకురావచ్చు. గడ్డ పెరుగును శుభ్రమైన పలుచటి గుడ్డలో మూటగట్టి, జల్లెడలో ఉంచి రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో పెడితే నీరంతా దిగిపోతుంది. అలా చిక్కబడిన అర కప్పు పెరుగులో ఒక టీస్పూను నువ్వుల నూనె, అర చెక్క నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు మిరియాల పొడి, సన్నగా తరిగిన పుదీనా కలిపితే చాలు.

పెరుగు లేనినాడు రెండు టీస్పూన్ల నూనె, ఒక టీస్పూను నిమ్మరసం, చిటికెడు ఆవపొడి మూత గట్టిగా పట్టే సీసాలో పోసి పాప చేతికివ్వండి. నూనె, నిమ్మరసం వాటంతట అవి కలవవు. బాగా గిలకొడితే ఆవపొడి వాటిని కాసేపు విడిపోకుండా పట్టి ఉంచుతుంది. కళ్ల ముందు జరిగే ఈ మార్పును పిల్లలు ఎంతో ఆసక్తిగా చూస్తారు. పులుపు సరిపోయిందో లేదో రుచి చూసి చెప్పే పని కూడా పాపకే వదిలేయండి, పుదీనా ఆకులు తుంచే పని బాబుకు ఇవ్వండి.

నూనె అసలే వద్దనుకునే తల్లిదండ్రులు చాలామంది కనిపిస్తుంటారు, దానితో నేను ఏకీభవించను. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, అయితే అది పేగుల్లోంచి సరిగా ఒంటికి పట్టాలంటే కొద్దిగా కొవ్వు కావాలి. టీస్పూను నూనెలో సుమారు 45 కేలరీలే ఉంటాయి కనుక, ఎదిగే పిల్లలకు ఆపాటి నూనె ఎంతమాత్రం భారం కాదు. జాగ్రత్త పడవలసింది ఉప్పు విషయంలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకే రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉండాలని చెబుతోంది, పిల్లలకు అంతకంటే తక్కువ చాలు. నిమ్మరసం, జీలకర్ర ఉన్నప్పుడు ఉప్పు తగ్గినా రుచి చెడదు.

మీ పిల్లలిద్దరికీ ఏడాది దాటింది కనుక తేనె వల్ల బొట్యులిజం (బ్యాక్టీరియా విషం వల్ల కండరాలు చచ్చుబడే ప్రమాదకర జబ్బు) భయం లేదు, ఏడాది నిండని పసివారికి మాత్రం ఒక్క చుక్క కూడా నాకించకూడదు. అయినా తేనె కూడా చక్కెరే కనుక రోజూ కలిపే అలవాటు చేయకండి. పచ్చి వెల్లుల్లి వేసిన నూనెను బయట నిల్వ ఉంచితే అందులోనూ బొట్యులిజం కలిగించే విషం తయారు కావచ్చు, అందుకే ఏ పూటకు కావలసింది ఆ పూటే చేసుకోండి.

కొత్త రుచిని పాప మొదట వద్దంటే బలవంతపెట్టకండి, పది పదిహేను సార్లు పళ్లెంలో కనిపించాక గానీ కొందరు పిల్లలు ఇష్టపడరు. బాబుకు పచ్చి క్యారెట్ ముక్కలు గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది, తురిమి పెట్టండి. నువ్వులు, ఆవాలు ఇంతవరకు తినని పిల్లలకైతే మొదటిసారి కొద్దిగానే రుచి చూపించండి. దద్దుర్లు వస్తే ఆ పదార్థం పెట్టడం ఆపి వైద్యుడికి చూపించండి, పెదవులు వాచినా, మళ్లీ మళ్లీ వాంతులైనా, ఊపిరి కష్టమైనా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.