బిల్లు మీద ఏం రాశారన్నదే ముఖ్యం

ప్రశ్న: మాది యానాం. చాలా ఏళ్లుగా పారిస్ దగ్గర ఉంటున్నాం. నాలుగేళ్ల క్రితం ఒక యాంటిక్ షాపులో మేరీమాత, బాలయేసు బొమ్మలున్న పింగాణీ ఫ్లవర్ వాజుల జత 1,800 యూరోలకు కొన్నాను. బిల్లులో "పారిస్ పింగాణీ, 19వ శతాబ్దం, చేత్తో వేసిన చిత్రాలు" అని ఉంది. మొన్న ఇన్సూరెన్స్ కోసం నిపుణుడికి చూపిస్తే వాజులు పాతవేగానీ బొమ్మలు తర్వాతి కాలంలో అతికించిన అచ్చు అన్నారు. "మీరు చూసుకునే కొన్నారు కదా" అంటున్నాడు షాపాయన. నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: వచ్చే అవకాశం బాగానే ఉంది. "చూసుకుని కొన్నారు" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఫ్రాన్స్‌లో ఇలాంటి అమ్మకాలకు 1981 మార్చి 3 నాటి మార్కస్ డిక్రీ అనే ప్రభుత్వ ఉత్తర్వు వర్తిస్తుంది. వస్తువు పేరు పక్కనే ఒక శతాబ్దం రాశారంటే, అది నిజంగా ఆ కాలంలోనే తయారైందని అమ్మినవాడు హామీ ఇచ్చినట్టే. ఏదైనా భాగం తర్వాతి కాలానిదైతే ఆ సంగతి కొనేవారికి ముందే చెప్పాలి. మీ కేసుకు ప్రాణం ఈ రెండో నియమమే. అదే "19వ శతాబ్దపు శైలి" అని రాసి ఉంటే ఈ హామీ ఉండేది కాదు. అందుకే అసలు బిల్లు ఎవరి చేతికీ ఇవ్వకండి, కాపీలే ఇవ్వండి.

నాలుగేళ్లయిందని టెన్షన్ పడకండి. పొరపాటుపడి కొన్నందుకు అమ్మకం రద్దు కోరడానికి గడువు ఐదేళ్లు. ఆ లెక్క కొన్న రోజు నుంచి కాదు, పొరపాటు బయటపడిన రోజు నుంచి.

నిపుణుడి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి. భూతద్దంలో అచ్చు బొమ్మ వరస చుక్కలుగా కనిపిస్తుంది, కుంచె గీతలో రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. మేరీమాత ముఖం, కొంగు దగ్గర ఆ తేడా తెలిసేలా ఫోటోలు పెట్టించండి. అడుగున ముద్ర లేకపోవడాన్ని మాత్రం ఆధారంగా చూపకండి. ఆనాటి పారిస్ పింగాణీలో ముద్ర లేని అసలు సరుకు చాలా ఉంది.

తర్వాత అమ్మకం రద్దు చేసి డబ్బు తిరిగి ఇవ్వమని షాపాయనకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో రిజిస్టర్డ్ లేఖ పంపండి. స్పందన లేకపోతే కోర్టు నియమించిన మధ్యవర్తి దగ్గరికి వెళ్లండి, ఫీజు ఉండదు. 5,000 యూరోల లోపు వివాదాల్లో కోర్టుకు ముందు ఇలాంటి రాజీ ప్రయత్నం సాధారణంగా తప్పనిసరి. మీ 1,800 యూరోల కోసం కోర్టులో లాయరు లేకుండానే దావా వేయవచ్చు.

అమ్మకం రద్దయితే వాజులు కూడా తిరిగి ఇచ్చేయాలి. వాటిని ఉంచుకోవాలని మీకు ఉంటే, మధ్యవర్తి దగ్గరే ధర తగ్గింపు అడగండి.