బండిలో పొయ్యికి ఏ సిలిండర్ పెట్టుకోవాలి?

కావలి

చిరంజీవి వేణుకు పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పాత టెంపో ట్రావెలర్ కొని, అందులో పడకలూ పొయ్యీ బిగించి, కోడలినీ పిల్లలనూ లదాఖ్ దాకా తీసుకెళ్తున్నావని విని ఎంతో సంతోషించాను. కానీ ఇంట్లో సిలిండరే బండిలోకి ఎక్కిస్తావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు.

ఆ 14.2 కిలోల సిలిండర్ ఇంటి వంటకు ఇచ్చినది. నిండుగా ఉంటే దాదాపు 30 కిలోలు తూగుతుంది. చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు మీద ఇచ్చే 5 కిలోల సిలిండర్లు రెండు, ఒకే కంపెనీవి తీసుకో. ఫైబర్ సిలిండర్ తేలికే, వెలుతురులో గ్యాస్ ఎంత ఉందో కూడా కనిపిస్తుంది, కానీ అన్ని ఊళ్లలో దొరకదు కనుక నీకు ఇనుపదే మేలు. పైన పట్టీ మీద బి-27 అని ఉంటే, కంపెనీ ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించడానికి 2027 జూన్ వరకే గడువని అర్థం.

ఇక అసలు సంగతి. నేను యాత్రా బస్సు నడిపే రోజుల్లో, కాశీ దారిలో మా వంటవాడు సిలిండర్ నిలబడటం లేదని వెనక సీటు కింద అడ్డంగా పడుకోబెట్టాడు. లోపల గ్యాస్ ద్రవంగా ఉంటుంది. నిలబెడితే పైకి ఆవిరి మాత్రమే వస్తుంది, పడుకోబెడితే ద్రవమే వాల్వు దగ్గరికి చేరుతుంది, బయటపడిన ద్రవం సుమారు 250 రెట్ల ఆవిరిగా మారుతుంది. ఆ రాత్రి అలా వాల్వు దగ్గర కారిన గ్యాస్ గాలికన్నా బరువైనది కనుక బస్సులో నేలబారుగా పాకింది. సీట్లలో ఉన్నవాళ్లకు వాసనే తెలియలేదు. సీట్ల నడుమ చాప పరుచుకున్న ఒక మామ్మ మాత్రం, "ఏందో కుళ్లిన వాసన నాయనా" అంటూ లేచి కూర్చుంది. అప్పటికే క్లీనరు బీడీ నోట పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. నేను దాన్ని లాక్కుని, లైటు వేయనివ్వకుండా, అందరినీ చీకట్లోనే దించాను. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

నీ పిల్లలు పడుకునేది కింది పడకల మీదే కదా, నాయనా! అందుకే సిలిండర్లకు బయటికి తలుపు తెరుచుకునే పెట్టె వేరుగా చేయించు. అందులోంచి పడకల వైపు చిన్న సందు కూడా ఉండకూడదు, అడుగున మాత్రం గ్యాస్ రోడ్డు మీదికి దిగిపోయేలా సైలెన్సరుకు దూరంగా రంధ్రం ఉండాలి. నిలువుగా పెట్టి బెల్టులతో బిగించు. బండి కదిలే ముందు రెగ్యులేటర్ ఆపేయాలి. ఐఎస్ఐ ముద్ర ఉన్న ట్యూబే వేయించు.

గ్యాస్‌లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది కనుక లేహ్ చలిలో మంట సన్నబడుతుంది. అప్పుడు సిలిండర్‌కు సెగ చూపించావంటే నేను క్షమించను. చలి కాచుకోవడానికి తలుపులు మూసి పొయ్యి వెలిగించకూడదని కోడలికి కూడా చెప్పు. వాసన వస్తే అందరినీ దించి, దూరంగా వెళ్లాకే 1906కు ఫోన్ చెయ్యి.

పెట్టె తయారయ్యాక బండిని ఒకసారి కావలి తీసుకురా. ట్యూబు మీద, వాల్వు మీద సబ్బు నురగ వేసి నేనే చూస్తాను.

మీ పెద్దనాన్న