బీసీఏఏ తాగితే స్క్వాట్ బరువు పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 32, బరువు 75 కిలోలు. నాలుగేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాను. స్క్వాట్ (భుజాల మీద బరువు పెట్టుకుని తీసే గుంజీ) 120 కిలోల దగ్గర ఆగిపోయింది. ట్రైనర్ బీసీఏఏ పొడి వాడమంటున్నారు. పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఆ డబ్బు మిగుల్చుకోండి. బీసీఏఏలో ఉండేవి ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు) మాత్రమే. కండ కట్టడానికి ఆవశ్యక అమైనో ఆమ్లాలు, అంటే ఒంట్లో తయారుకాక తిండి నుంచే రావాల్సినవి, తొమ్మిదీ కావాలి. ల్యూసిన్ పని మొదలుపెట్టించినా, మిగతా ఆరూ అందకపోతే అది సాగదు. తిండిలో ప్రొటీన్ సరిపడా ఉన్నవాళ్లకి ఈ పొడితో బలం పెరిగినట్టు గట్టి ఆధారం లేదు. మర్నాటి నొప్పులు కొంత తగ్గొచ్చు, అంతే.

ముందు మీ పళ్లెం చూసుకోండి. కిలో బరువుకి 1.6 గ్రాముల లెక్కన మీకు రోజుకి 120 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకి 6 గ్రాములు, 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 25. మన ఇళ్లలో తేడా వచ్చేది పొద్దుటే: మూడు ఇడ్లీలు, చట్నీతో 10 గ్రాములు కూడా దాటడం కష్టం. పక్కన మూడు గుడ్లు పెట్టుకోండి.

బలం కోసమే కొనాలంటే క్రియాటిన్ మోనోహైడ్రేట్ (కండరాలకి చప్పున శక్తి అందించే పదార్థం, పొడిగా దొరుకుతుంది) కొనండి. రోజూ 3–5 గ్రాములు, జిమ్ లేని రోజు కూడా. మూడు నాలుగు వారాల్లో కండరాల్లో నిండుతుంది. నీరు పట్టి కిలో దాకా బరువు పెరగొచ్చు, అది కొవ్వు కాదు. కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే కొలత) కాస్త ఎక్కువ చూపించవచ్చు కాబట్టి, వాడుతున్నట్టు ముందే చెప్పండి.